అద్దాల చదువు ఆ గదిలో వృథా కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఆప్టోమెట్రీ (చూపు పరీక్షించి అద్దాల పవర్ తేల్చే చదువు) చివరి సంవత్సరంలో ఉంది. ప్యాటర్న్ ఈఆర్‌జీ పరీక్షలు చేసే ల్యాబ్‌లో చేరతానంటోంది. మిషన్ దగ్గర బటన్లు నొక్కడానికా ఇంత చదువు అని మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: మీ భయం అర్థమైందండీ. కానీ ఆ గదిలో జరిగేది బటన్లు నొక్కడం కాదు.

కంటి వెనుక పొర అయిన రెటీనా ఇచ్చే విద్యుత్ సిగ్నల్‌ను రికార్డు చేసే పరీక్షే ఈఆర్‌జీ. ప్యాటర్న్ ఈఆర్‌జీలో రోగి ముందున్న తెర మీద చదరంగం బల్లలా నలుపు, తెలుపు గళ్లు ఉంటాయి. సెకనుకు సుమారు నాలుగు సార్లు నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా మారుతుంటాయి. మొత్తం వెలుతురు మాత్రం మారదు. కింది రెప్ప అంచున వెంట్రుకలాంటి సన్నని దారం పెడతారు, అదే ఎలక్ట్రోడ్. రెటీనా నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మైక్రోవోల్టులే. రెప్ప కొడితే చాలు, అది చెదిరిపోతుంది. అందుకే చెడిపోయినవి తీసేసి, కనీసం 100 రికార్డింగుల సగటు తీస్తారు.

గ్రాఫులో 50 మిల్లీసెకన్ల దగ్గర ఒక ఎత్తు, 95 దగ్గర ఒక పల్లం కనిపిస్తాయి. వీటిని పీ50, ఎన్95 అంటారు. పీ50 బాగా తగ్గితే రెటీనా నడిమి భాగమైన మాక్యులాను అనుమానిస్తారు. అది బాగానే ఉండి ఎన్95 మాత్రమే తగ్గితే అనుమానం రెటీనా నుంచి మెదడు వైపు సిగ్నల్ పంపే గ్యాంగ్లియన్ కణాల మీదికి, కంటి నరం మీదికి వెళ్తుంది. డాక్టరు తర్వాత ఎటు వెతకాలో ఈ తేడాయే చెబుతుంది.

ఇక మీ ప్రశ్నకు అసలు జవాబు. ఈ పరీక్షకు కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయరు. తెర ఉన్న దూరంలో గళ్లు స్పష్టంగా కనిపించేలా సరైన అద్దం పెట్టాలి. పవర్ తప్పితే గళ్లు మసకబారి, ఆరోగ్యమైన కన్ను కూడా జబ్బు కన్నులా రికార్డవుతుంది! మీ అమ్మాయి చదువు ఇక్కడే అక్కరకొస్తుంది.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఇలాంటి ల్యాబ్‌లు తక్కువ, ఎక్కువగా పెద్ద కంటి ఆసుపత్రుల్లో, పరిశోధన సంస్థల్లోనే ఉంటాయి. కాబట్టి మామూలు కంటి పరీక్షల అలవాటు తప్పకూడదు. సిగ్నల్ ప్రాసెసింగ్, కొంచెం కోడింగ్ నేర్చుకుంటే పరిశోధన వైపు దారి తేలికవుతుంది. ఐసెవ్ అనే అంతర్జాతీయ సంస్థ ఈ పరీక్షలకు ప్రమాణాలు రాసింది, అవి ఇప్పుడే చదవమనండి.

చేరేముందు కొన్ని రోజులు ఆ ల్యాబ్‌కు వెళ్లి రమ్మనండి. ముందు రోగి కుర్చీలో తనే కూర్చుని, దారం గుచ్చుకుంటున్నట్టు ఉన్నా కదలకుండా చూడాలి. తర్వాత ఒకే కన్నును రెండు వేర్వేరు రోజుల్లో రికార్డు చేయాలి. రెండు గ్రాఫులూ ఒకదానిమీద ఒకటి సరిపోయేదాకా విసుగు రాకపోతే, ధైర్యంగా పంపండి.