మార్గళిలో మద్రాసు: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

చి.సౌ. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాన్ చదివాను. మూడు రోజుల్లో మెరీనా, మహాబలిపురం, కంచి, పాండిచ్చేరి, వచ్చేటప్పుడు తిరుపతి. ఇందులో మద్రాసు ఎక్కడుందే? రాత్రి పడుకోవడానికి తప్ప మీరు ఊళ్ళో ఉండేలా లేరు. విస్తరి నిండా వడ్డించుకుని తలో ముద్దా తిని లేచినట్టుంటుంది. అందులోనూ డిసెంబరులో వెళ్తూ ఒక్క కచేరీ కూడా రాసుకోలేదు నువ్వు. పెళ్ళికి ముందు ఏడేళ్ళు సంగీతం నేర్చుకున్నదానివి!

నా మాట విని కంచి, పాండిచ్చేరి, తిరుపతి కొట్టెయ్. అవి ఏ నెలలో వెళ్ళినా చూడొచ్చు. మద్రాసుకి మాత్రం ఒక కాలం ఉంది, అదే డిసెంబరు కచేరీల సీజన్. నీ అదృష్టం కొద్దీ మీ సెలవులు ఆ కాలంలోనే పడ్డాయి. ఐదు రోజులు పెట్టుకోండి. మైలాపూర్‌లోనో, దాని చుట్టుపక్కలో దిగి, వీలైనంత వరకు నడిచి వెళ్ళే దూరంలోనే తిరగండి. మీ అత్తగారి మోకాళ్ళకి కూడా అదే మంచిది.

ముందు తేదీల సంగతి. మన ధనుర్మాసమే వాళ్ళ మార్గళి. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగుస్తుంది. మ్యూజిక్ అకాడమీ ఉత్సవం మామూలుగా డిసెంబరు 15న మొదలై జనవరి 1 దాకా నడుస్తుంది. కచేరీలు పెట్టే మిగతా సంగీత సభలు కొన్ని ముందే మొదలుపెట్టేస్తాయి. అలాగని నెల మొదట్లోనే వెళ్ళొద్దు. మనకి జూన్‌లో వచ్చే వానలు వాళ్ళకి అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వస్తాయి. 2015లో వరద వచ్చింది డిసెంబరు మొదట్లో. 2016లో వార్దా తుపాను డిసెంబరు 12న ఊరి మీద పడింది. 2023లో మిగ్‌జాం కూడా ఆ నెల మొదటి వారమే. 20 దాటాక ఆ టెన్షన్ తగ్గుతుంది, అయినా ఒక గొడుగు పెట్టుకో. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అమెరికా నుంచి వచ్చినవాళ్ళతో ఊరు నిండిపోయి హోటళ్ళ రేట్లు పెరుగుతాయి. కాబట్టి 20న దిగి 25న బయలుదేరేలా చూసుకోండి.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. ఇదివరకటిలా 120 రోజులు కాదు. ఆ రోజు ఉదయమే అల్లుణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టు. టికెట్ మీద సెంట్రలా, ఎగ్మూరా అన్నది చూసుకోండి, రెండూ వేరు స్టేషన్లు. రెండిట్లోనూ మెట్రో ఉంది, కానీ మైలాపూర్ దాకా మెట్రో కోసం ఇంకా తవ్వుతున్నారు. మైలాపూర్‌లోనే లజ్ అనే చోటు దగ్గర కొన్నాళ్ళుగా దారులు మళ్ళించి పెట్టారు. సామానుతో, అత్తగారితో కాబట్టి స్టేషన్ నుంచి ఫోన్‌లో కారు బుక్ చేసుకోవడమే సుఖం. ఆటోవాళ్ళతో మీటరు గురించి వాదించి పొద్దున్నే గొంతు పాడుచేసుకోవద్దు. అన్నట్టు, హిందీలో మొదలుపెట్టకు. తెలుగులోనే మాట్లాడు. అర్థమయ్యేవాళ్ళు ఆ ఊళ్ళో నువ్వనుకున్న దానికంటే చాలా ఎక్కువ.

హోటల్ విషయంలో నా లెక్క ఒకటే. గది ఎంత బాగుందని కాదు, మధ్యాహ్నం వచ్చి ఒక గంట నడుం వాల్చే దూరంలో ఉందా లేదా అన్నది చూడాలి. మధ్యాహ్నం కునుకు లేకపోతే సాయంత్రం కచేరీలో అత్తగారే కాదు, నువ్వూ తూగుతావు. రాధాకృష్ణన్ సాలై మీద న్యూ ఉడ్‌ల్యాండ్స్ ఉంది. పాతకాలపు హోటల్, శాకాహారం, పెళ్ళిళ్ళవాళ్ళు దిగే చోటు. అదే రోడ్డు మీద సవేరా ఉంది, కాస్త ఖరీదు ఎక్కువ. రెండిట్లో ఎక్కడ దిగినా అకాడమీకి నడిచిపోవచ్చు. టి.నగర్‌లో తక్కువకి గదులు దొరుకుతాయి. చీరల కొట్లు కిందే ఉంటాయి, నీకు నచ్చుతుంది, తెలుసు. కానీ సాయంత్రం అక్కడి నుంచి మైలాపూర్ రావాలంటే ట్రాఫిక్‌లో మొదటి రెండు పాటలూ పోతాయి. ఎగ్మూరు లాడ్జీలు రైలు దిగి పడుకోవడానికి సరే, ఐదు రోజులకి వద్దు.

గది తీసుకునే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడుగు. లిఫ్టు ఉందా, మీ గదికి వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, చెక్ ఇన్ టైము ఎప్పుడు. ఈ మూడోది చాలామంది అడగరు. రైలు తెల్లారేసరికి దింపుతుంది, వీళ్ళు గది మధ్యాహ్నం పన్నెండుకి ఇస్తామంటారు. కొన్నిచోట్ల ఇరవై నాలుగు గంటల పద్ధతి ఉంటుంది, నువ్వు దిగిన టైము నుంచే లెక్క. అది దొరికితే మీకు హాయి.

ఇక కచేరీలు. రోజుకి రెండు, అంతకు మించి వద్దు. ఊళ్ళో ఒకే రోజు పదుల కొద్దీ కచేరీలు జరుగుతాయి. అకాడమీ, నారద గాన సభ, కృష్ణ గాన సభ, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్ క్లబ్, వాణీ మహల్, ఇలా. పేరున్నవాళ్ళందరినీ వినాలని ఒక సభ నుంచి ఇంకో సభకి ఆటోలో పరిగెత్తేవాళ్ళని చూస్తుంటాను. వాళ్ళు వినేది ఆటో చప్పుడే. మధ్యాహ్నం జరిగేవి కుర్రవాళ్ళ కచేరీలు. చాలా సభల్లో వాటికి టికెట్ ఉండదు, ముందు వరసల్లో కూర్చోవచ్చు. నన్నడిగితే సీజన్‌లో అసలైన బేరం అదే. ఇరవై రెండేళ్ళ పిల్ల, పెద్దగా జనం లేని హాల్లో, ఎప్పటికైనా సాయంత్రం స్లాటుకి ఎక్కాలన్న పట్టుదలతో పాడుతుంది. సాయంత్రం పెద్దవాళ్ళలో ఆ పట్టుదల అన్నిసార్లూ కనపడదు. టికెట్ కొనే సాయంత్రాలు రెండు చాలు. పెద్ద పేర్ల టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి ఆ రెండూ ఆన్‌లైన్‌లో ముందే తీసుకో. అకాడమీలో పొద్దున్న పూట సంగీతం మీద ప్రసంగాలు, పాడి చూపించడాలు ఉంటాయి. నీకు నచ్చుతాయి, బాబుకి నచ్చవు. వాణ్ణి వాళ్ళ నాన్నకి అప్పగించి నువ్వొక్కదానివే వెళ్ళు.

అకాడమీ పుట్టుక తెలుసుకుని వెళ్తే ఆ హాల్లో కూర్చోవడం ఇంకోలా ఉంటుంది. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు అఖిల భారత సంగీత సమావేశం పెట్టారు. అందులో చేసిన తీర్మానంతో మరుసటి ఏడు అకాడమీ పుట్టింది. వాళ్ళిచ్చే సంగీత కళానిధి బిరుదు 1941లో మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ, 1978లో బాలమురళి గారికీ వచ్చింది. ఇంకొకటి. అక్కడ పాడే వాటిలో పెద్ద వాటా మన భాషే. త్యాగరాజు రాసింది తెలుగులో కదా. పక్క సీటులో తమిళ మామి ఒకావిడ తొడ మీద తాళం వేసుకుంటూ పల్లవి నుంచి చరణం దాకా పెదవులు కదుపుతూ ఉంటుంది. మాట మాటకీ అర్థం నిన్నడుగుతుంది చూడు, అప్పుడు తడుముకోకు. ఏ పాట ఎందుకు రాశాడో కాస్త చదువుకుని వెళ్ళు.

బాబు సంగతి బెంగపడకు. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే వంతు, మొదలవగానే సగం హాలు కాఫీకి లేస్తుంది, అది అక్కడ పాత అలవాటు. మీరు లేవొద్దు. మృదంగం, ఘటం ఒకదానికొకటి జవాబు చెప్పుకునే ఆ పావుగంట తొమ్మిదేళ్ళ పిల్లాడికి బాగా పడుతుంది. వాడికి ఒక స్వెట్టరు, అత్తగారికి శాలువా తీసుకెళ్ళండి. ఊళ్ళో చలి ఉండదు, హాల్లో ఏసీ మాత్రం ఎముకలు కొరుకుతుంది. పాట మధ్యలో లేవకండి, పాటకీ పాటకీ మధ్య లేవండి. ఫోన్ మోగితే ముందు వరస నుంచి ఒక చూపు వస్తుంది, దాన్ని భరించలేవు.

కాఫీ అన్నాను కాబట్టి క్యాంటీన్ల గురించి చెప్పాలి. మనకి ధనుర్మాసం శూన్యమాసం, పెళ్ళిళ్ళుండవు. వాళ్ళకీ అంతే. ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళకి వండే పెద్ద వంటవాళ్ళు ఈ నెల ఖాళీ. వాళ్ళే వచ్చి సభల్లో క్యాంటీన్లు నడుపుతారు. చాలా చోట్ల కచేరీ టికెట్ లేకపోయినా లోపలికి వెళ్ళి తినొచ్చు. మధ్యాహ్నం ఆకు వేసి పెళ్ళి భోజనం పెడతారు. పాలు, నెయ్యి పోసి చేసే అక్కారవడిసల్, బూడిద గుమ్మడికాయతో చేసే కాశీ హల్వా, అరటిపువ్వు వడ దొరికిన రోజు వదలకండి. ఒంటిగంట దాటితే క్యూ పెద్దదవుతుంది, పన్నెండున్నరకే వెళ్ళండి. కారం తక్కువని అల్లుడు మొహం పెడతాడు. ఆవకాయ సీసా గదిలో ఉంచు, క్యాంటీన్‌కి మాత్రం తీసుకురావద్దని చెప్పు.

ఒక తెల్లవారుజామున, ఒక్కరోజైనా, ఐదున్నరకి లేచి కపాలీశ్వరస్వామి గుడి మాడ వీధుల్లోకి వెళ్ళండి. ఇళ్ళ ముందు ముగ్గులు వేసి ఉంటాయి. భజన చేసుకుంటూ జనం వీధుల్లో తిరుగుతారు. ఏ సభలోనూ టికెట్‌కి దొరకనిది అక్కడ ఊరికే దొరుకుతుంది. గుడి మధ్యాహ్నం మూసి, సాయంత్రం తెరుస్తారు కాబట్టి దర్శనం కూడా ఆ పొద్దున్నే చేసుకోండి. తర్వాత అరండేల్ వీధిలో రాయర్ మెస్‌కి వెళ్ళి ఇడ్లీ తినండి. చిన్న గది, నిలబడి ఎదురుచూడాలి, ఆలస్యంగా వెళ్తే ఏమీ మిగలదు. ట్రిప్లికేన్ పార్థసారథి గుడికి ఇంకో రోజు పెట్టుకోండి. మీసాలున్న వెంకటకృష్ణుడు మూలవిరాట్టు. ఉత్సవమూర్తి ముఖం మీద గాట్లు భీష్ముడి బాణాలవని చెబుతారు, బాబుకి ముందే కథ చెప్పి తీసుకెళ్ళు. ముక్కోటి ఏకాదశి ఏ రోజో పంచాంగంలో చూసుకో. ఆ రోజు అటు వద్దు, మీ అత్తగారు ఆ తోపులాట తట్టుకోలేరు.

ఊళ్ళో చూడాల్సిన వాటిలో నేను అస్సలు వదలనివ్వనిది ఎగ్మూరు మ్యూజియం. శుక్రవారం సెలవు. లోపల అమరావతి శిల్పాల గ్యాలరీ ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర అమరావతి స్తూపం దగ్గర తవ్వించి రాళ్ళు మద్రాసుకి చేర్చాడు. వాటిలో చాలా వరకు తర్వాత లండన్ వెళ్ళి అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. మన కృష్ణ ఒడ్డున చెక్కిన వాటిని చూడటానికి మనం మద్రాసు టికెట్ కొనాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, కానీ చూడకుండా రావడం ఇంకా అన్యాయం. అక్కడే కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువాలంగాడు నటరాజు ముందు కాసేపు నిలబడండి.

లజ్ దగ్గర రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారు దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇల్లు ఉంది. అప్పుడది బులుసు సాంబమూర్తి గారిల్లు, ఇప్పుడు స్మారక భవనం. హోటల్ నుంచి దగ్గరే. బాబు పాఠంలో ఆ పేరు చదివే ఉంటాడు.

మెరీనాకి సాయంత్రం కాదు, పొద్దున్నే వెళ్ళండి. నీళ్ళలో మోకాలి లోతు కూడా వద్దు, అలలు లాగేస్తాయి. మహాబలిపురం మాత్రం నీ ప్లాన్‌లో ఉంచాను. ఒక రోజు పూర్తిగా దానికే ఇవ్వండి. దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది, పాత ఇళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు. ఇక్కత్ నేసే కొయ్యలగూడెం ఇల్లు, కోస్తా చుట్టిల్లు కూడా ఉన్నాయి. మంగళవారం సెలవు.

ఏ కారణం వల్లనైనా డిసెంబరు కుదరకపోతే ఫాల్గుణంలో, అంటే వాళ్ళ పంగుని ఉత్సవానికి వెళ్ళొచ్చు. కపాలి గుడి నుంచి అరవైమూడు మంది నాయనార్లనీ, అంటే శివభక్తుల విగ్రహాలనీ, ఊరేగించే రోజు మైలాపూర్ చూసి తీరాలి, కానీ ఎండ, జనం రెండూ ఎక్కువ. అత్తగారిని వదిలి వెళ్ళాలి. నవరాత్రులకి వెళ్తే మాడ వీధుల్లో కొలువు బొమ్మల అంగళ్ళు చూడొచ్చు. మన కనుమ మర్నాడు, కాణుం పొంగల్ నాడు మాత్రం మెరీనా దరిదాపులకి వెళ్ళొద్దు. ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది.

టికెట్లు అయ్యాక తేదీలు నాకు పంపు. సభల పట్టికలు రాగానే మీ ఐదు రోజులకీ మధ్యాహ్నం ఎవరిని వినాలో గుర్తులు పెట్టి ఫొటో తీసి పంపిస్తాను. వచ్చేటప్పుడు నాకు అరకిలో ఫిల్టర్ కాఫీ పొడి తెచ్చిపెట్టు, చికోరీ లేకుండా.

ఇట్లు,
పెద్దమ్మ