తెల్లవారుజామున 300, ఎండెక్కాక 40: గాలిలో ధూళి కొలిచే సెన్సార్ పాడైందా?

పాడవలేదు, గాలిలో తేమకి అంకె పెరిగింది. రాత్రి ఫ్యాక్టరీ పొగ వదులుతోందని అప్పుడే తేల్చెయ్యకండి. మన డెల్టాలో కాలువ గట్టు మీద చలికాలం మంచు సంగతి తెలిసిందేగా. లేజర్ సెన్సార్ మంచు బిందువునీ ధూళి కణంగానే లెక్కేస్తుంది.

1. సెన్సార్ పక్కనే తేమ మీటరు పెట్టి, రెండు రీడింగులూ ఒకే టైముకి రాయండి. అందరూ వదిలేసేది ఇదే. తేమ 85 శాతం దాటినప్పటి అంకెలు విడిగా ఉంచండి, పారెయ్యొద్దు. గాలి కదలని తెల్లవారుజామున నిజం పొగ కూడా నేలబారున నిలిచిపోతుంది.

2. గాలి ఎటునుంచి వీస్తోందో, ఎవరైనా గడ్డి తగలబెట్టారో కూడా రాయండి.

3. పొడిగా ఉన్న వేళ, ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీస్తున్నప్పుడు కూడా అంకె పెరిగితే అప్పుడు అనుమానించండి. పీఎం 2.5కి, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్నని ధూళికి, మన దేశంలో పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, అది 24 గంటల సగటుకి. ఒక్క గంట రీడింగుని దాంతో పోల్చకండి.