మోహంలో ఉన్నప్పుడు సన్యాసం మాట ఎత్తకు

చిరంజీవి నాయనకు, తిరుపతి నుంచి మీ మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మామిడితోట పంపకంలో అన్నతో మాటామాటా పెరిగిందనీ, ఉద్యోగం మానేసి కొండ కింద ఏదైనా ఆశ్రమంలో చేరిపోతాననీ రాశావు. ఇది వైరాగ్యమేనా అని అడిగావు. కాదు నాయనా. ఇది కోపం, దాని వెనక దుఃఖం.

భగవద్గీతలో అర్జునుడూ ఇదే అన్నాడు. గురువుల్ని చంపడం కన్నా భిక్షమెత్తుకుని బతకడం మేలన్నాడు. కులధర్మాలు చెడతాయి, పితరులకు పిండాలు ఉండవు అన్నాడు. ఒక్కటీ స్వార్థంగా వినిపించదు. ఎదురుగా నిలబడింది పరాయివాళ్లే అయితే ఆ మాటలు వచ్చేవా? 'నావాళ్లు' అన్న పట్టు, అంటే మోహం, ముందు పుట్టింది, శాస్త్రం తర్వాత తోడొచ్చింది. చదువుకున్నవాడి మోహం ధర్మం మాటలే మాట్లాడుతుంది. అందుకే దొరకదు. చేయాల్సిన పనిని మోహంతో వదిలేస్తే అది తామస త్యాగమని, అంటే అజ్ఞానంతో చేసిన త్యాగమని, 18వ అధ్యాయం 7వ శ్లోకంలో కృష్ణుడు తేల్చేశాడు.

రెండో అధ్యాయం 62, 63 శ్లోకాలు తీసి చూడు. ఒకదాన్నే తలచుకుంటూ ఉంటే దాని మీద సంగం, అంటే తగులం, దాన్నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి సమ్మోహం, అంటే వివేకం మసకబారడం, అందువల్ల జ్ఞాపకం చెదరడం, ఆపైన బుద్ధినాశం. చాలామంది కోపం దగ్గరే ఆగిపోతారు. నీకు కావాల్సింది జ్ఞాపకం సంగతి. నీ ఉత్తరంలో అన్న చేసిన అన్యాయాలన్నీ ఉన్నాయి. మీ నాన్న పోయాక నీ ఫీజుల కోసం వాడు చదువు మానుకున్న విషయం ఎక్కడా లేదు. నువ్వు దాచావని అనను, ఆ వేడిలో నీకు తట్టనే లేదు. చివర్లో అర్జునుడు మోహం పోయింది, స్మృతి (జ్ఞాపకం) వచ్చింది అని రెండూ కలిపే చెప్పాడు. ఆ తర్వాత అడవికి పోలేదు, యుద్ధం చేశాడు.

రోజూ పొద్దున్నే ఫోన్ ముట్టకముందు ఆ రెండు శ్లోకాలు చదువు. తర్వాత ఆ వరుసలోనే కోపం నుంచి వెనక్కి అడుగుతూ పో. ఈ కోపం ఎందుకు? నాకేం కావాలనుకున్నాను? ఎప్పటినుంచి దాన్నే తలచుకుంటున్నాను? బాధ తోట గురించా, అమ్మ వాడి పక్షాన మాట్లాడిందనా? కాగితం మీద రాయి. అన్న చేసిన మంచి కూడా అక్కడే రాయి. మొదట్లో చేయి కదలదు. అయినా కూర్చో.

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుంటానంటే సంతోషం. అన్నతో మాట్లాడాల్సింది మాత్రం నువ్వే. వాణ్ని కాణిపాకం లాక్కెళ్లి ప్రమాణం చేయిస్తానన్నావు, అది నాకు నచ్చలేదు. వినాయకుడి ఎదుట సత్యం చెప్పడం మన ప్రాంతంలో చాలా పెద్ద విషయం. కోపంలో ఉన్నవాడు దాన్ని తోడబుట్టినవాడి మీద ఆయుధంగా వాడకూడదు. వెళ్లాలనిపిస్తే ఒక్కడివే వెళ్లి, నేను మరిచిపోయిందేమిటో గుర్తుచెయ్యమని స్వామిని అడుగు.

వాటా వదులుకోమని నేను చెప్పడం లేదు. న్యాయంగా రావాల్సింది అడుగు, మనసు తేరాక అడుగు.

రాజీనామా ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. నాలుగు రోజులు సెలవు పెట్టి ఇక్కడికి రా. పొద్దున్నే కపిలతీర్థంలో కూర్చుని మాట్లాడుకుందాం. రాసిన కాగితాలు వెంట తెచ్చుకో. నువ్వు వస్తున్నావని మీ అమ్మకు నేను ఫోన్ చేసి చెబుతాను.

మీ మామ