క్లినిక్‌లో రద్దీ ఉన్నా ఆదాయం పెరగకపోతే ముందు ఎక్కడ చూడాలి?

సొంత డెంటల్ క్లినిక్ పెట్టి కొన్నేళ్లయిందనీ, మీ చేతి పని మీద పేషెంట్లకు నమ్మకం ఉందనీ, రోజూ ఓపీ బాగానే ఉంటున్నా నెలాఖరున మిగిలేది మాత్రం పెరగడం లేదనీ రాశారు. ఇప్పుడు ఆన్‌లైన్ ప్రకటనలకు డబ్బు పెట్టాలా, పళ్లనూ దవడనూ త్రీడీలో స్కాన్ చేసే సీబీసీటీ యంత్రం కొనాలా అన్నది మీ ప్రశ్న. నేను దంతవైద్యుణ్ణి కాను. డెంటల్ క్లినిక్‌ల లెక్కలూ నిర్వహణా చూడడం నా వృత్తి. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ రెండింటిలో దేనికీ ఇప్పుడే చెక్కు రాయకండి. మీ దగ్గర మొదలై మధ్యలో ఆగిపోయిన చికిత్సలు ఎన్ని ఉన్నాయో ముందుగా తేల్చుకోండి.

మీకు తెలిసిన విషయమే అయినా, లెక్కల వైపు నుంచి చూస్తే అది ఎలా కనిపిస్తుందో వివరిస్తాను. పేషెంటు భరించలేని నొప్పితో వస్తాడు. మీరు రూట్ కెనాల్ మొదలుపెట్టి, పన్ను లోపలి మెత్తని కణజాలాన్ని (పల్ప్) తీసి, తాత్కాలిక ఫిల్లింగ్ వేసి పంపుతారు. మర్నాటికి నొప్పి పోతుంది, దానితోపాటు పేషెంటూ పోతాడు. ఆ తాత్కాలిక ఫిల్లింగ్ కొద్ది వారాలు నిలవడానికి ఉద్దేశించినది. అది అరిగినా ఊడినా లాలాజలంతో పాటు సూక్ష్మజీవులు మళ్లీ లోపలికి చేరతాయి. కొన్ని నెలల తర్వాత అతను వాపుతో, చాలాసార్లు మరో క్లినిక్‌కి వెళ్లి, ఫలానా చోట చేయించుకున్న రూట్ కెనాల్ పాడైందని చెబుతాడు. మరో రకం పేషెంటు రూట్ కెనాల్ పూర్తిచేయించుకుని క్యాప్ దగ్గర ఆగిపోతాడు, చివరికి ఆ దవడ పన్ను విరిగి తీసేయవలసి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ మీ శ్రమలో ఎక్కువ భాగం అప్పటికే ఖర్చయింది, రావలసిన రుసుములో కొంత రాలేదు, పేరు మాత్రం పోయింది. నేను లెక్కలు చూసిన క్లినిక్‌లలో ఆదాయం ఆగిపోయిందని చెప్పిన ప్రతిచోటా ఈ జాబితా డాక్టరు ఊహించినదానికంటే పొడవుగానే ఉంది.

జాబితా తయారుచేయడానికి సాఫ్ట్‌వేర్ అవసరం లేదు, గత ఏడాది కేస్ షీట్లు చాలు. తాత్కాలిక ఫిల్లింగ్‌తో ఆగినవి, క్యాప్ వేయనివి, కొలత తీసుకున్నా పళ్ల సెట్టు ఇవ్వనివి, చికిత్స చెప్పినా అసలు మొదలుకానివి వేర్వేరుగా రాయించండి. మొదటి రకం వాళ్లకు ముందుగా, వీలైతే మీరే ఫోన్ చేయండి. ‘మీ అపాయింట్‌మెంట్ పెండింగ్‌లో ఉంది’ అని రిసెప్షన్ నుంచి వెళ్లే ఫోన్ వసూళ్ల ఫోన్‌లా వినిపిస్తుంది. ‘ఆ రోజు కుడివైపు కింది పన్నుకు తాత్కాలికంగా సిమెంటు పెట్టాను, అది ఎక్కువకాలం ఆగదు, ఇప్పుడు ఎలా ఉంది?’ అని డాక్టరే అడిగితే అది వైద్యుడి బాధ్యతలా వినిపిస్తుంది, నిజానికి అది బాధ్యతే. ఇక్కడ వ్యాపారమూ వైద్య ధర్మమూ ఒకే దారిలో నడుస్తాయి. ఈ వృత్తిలో ఇంత సులువైన సందర్భాలు అంత తరచుగా రావు.

చికిత్స చెప్పినా మొదలుపెట్టని వాళ్ల సంగతి వేరు. కారణం అడిగితే చాలామంది డబ్బు అంటారు. అది కొంతవరకే నిజమని నా అభిప్రాయం. కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, నోరు తెరిపించి, పై నుంచి చెప్పిన మాటలు ఎవరికీ సరిగా ఎక్కవు. ఒక క్లినిక్‌లో డాక్టరు గారు ఒకే ఒక మార్పు చేశారు. పరీక్ష అయ్యాక కుర్చీని నిటారుగా లేపి, గ్లవ్స్ తీసేసి, ఎదురుగా కూర్చుని, నోట్లో కెమెరాతో తీసిన ఫొటోను తెర మీద చూపిస్తూ మొత్తం చికిత్సలో ఏది ఇప్పుడే చేయాలో, ఏది ఆగగలదో, ఏమీ చేయకపోతే ఏమవుతుందో చెప్పి, రుసుమును విడతలవారీగా కాగితం మీద రాసిచ్చేవారు. రుసుము తగ్గించకుండానే ఒప్పుకునేవారి సంఖ్య పెరిగింది. అయితే ఈ పద్ధతిని అవసరం లేని క్యాపులు అంటగట్టడానికి వాడేవారినీ చూశాను, అసిస్టెంటు డాక్టర్లకు నెలవారీ టార్గెట్లు పెట్టడం కూడా ఆ దారిలోని అడుగే. ఆగగలిగినదాన్ని ఆగవచ్చని చెప్పే డాక్టరు దగ్గరికే కుటుంబమంతా వస్తుంది.

తర్వాత చూడవలసింది కుర్చీ గంట ఖర్చు. అద్దె, జీతాలు, కరెంటు, వాయిదాలు వంటి స్థిర ఖర్చులన్నీ కూడి, పేషెంటు నిజంగా కుర్చీలో ఉన్న గంటలతో భాగించండి. ఉదాహరణకు రోజుకు 8 గంటల చొప్పున నెలకు 25 రోజులు తెరిస్తే 200 గంటలవుతాయి. అందులో 110 గంటలే పని జరిగిందనుకుంటే నెల ఖర్చంతా ఆ 110 గంటలే మోయాలి. మెటీరియల్ ఖర్చునూ ల్యాబ్ బిల్లునూ దీనికి కలిపి చూస్తే, గంటన్నర పట్టే కొన్ని చికిత్సలకు మీరు తీసుకుంటున్న రుసుము ఖర్చుకే సరిపోవడం లేదని తెలియవచ్చు. సరిగా రాని క్యాప్‌ను ల్యాబ్ ఉచితంగా మళ్లీ చేసిచ్చినా, ఆ రెండో సిటింగ్ కుర్చీ సమయం మీదే. అపాయింట్‌మెంట్ ఇచ్చి రానివారి ఖాళీ గంటలూ ఇందులోకే వస్తాయి. ముందురోజు గుర్తుచేయడం, పెద్ద చికిత్సకు కొంత ముందుగా కట్టించుకోవడం ఆ ఖాళీలను బాగా తగ్గిస్తాయి.

పాత పేషెంట్లను మళ్లీ పరీక్షకు పిలవడం, అంటే రీకాల్ గురించి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి వ్యాధులున్నవారు దాదాపు 350 కోట్ల మంది. పుచ్చు, చిగుళ్ల వ్యాధి రెండూ తొలిదశలో నొప్పి లేకుండానే ముదురుతాయి కనుక పిలవనిదే పేషెంటు రాడు. అందరినీ ఆరు నెలలకు రమ్మనడం అలవాటుగా వస్తున్న మాట. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు మాత్రం పెద్దలకు వారి వారి ముప్పును బట్టి 3 నెలల నుంచి 24 నెలల వరకు వ్యవధి ఉండవచ్చని చెబుతాయి. మధుమేహం ఉండి చిగుళ్లు దెబ్బతిన్నవారినీ, ఏ సమస్యా లేనివారినీ ఒకే గడువుకు పిలిస్తే రెండోవారు మీ పిలుపును పట్టించుకోవడం మానేస్తారు.

ఇక మీరు అడిగిన రెండు విషయాలు. ప్రకటనలు ఇచ్చేముందు మీ దేశంలోని దంతవైద్య మండలి నిబంధనలు చదవండి, చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఫొటోలపైనా, హామీలపైనా చాలాచోట్ల ఆంక్షలున్నాయి. ప్రకటన చూసి ఫోన్ చేసినవారు ‘రూట్ కెనాల్‌కు ఎంత?’ అంటే అంకె చెప్పి ఊరుకునే రిసెప్షనిస్టు ఉన్నంతకాలం ఆ డబ్బు వృథాయే. ఏ పన్ను, ఎన్నాళ్లుగా నొప్పి, ఈ సాయంత్రం రాగలరా అని అడగడం ఆమెకు నేర్పండి. సీబీసీటీ విషయంలో, గత ఏడాది బయటి సెంటర్‌కు స్కాన్ కోసం ఎంతమందిని పంపారో చూసి నెల సగటు తీయండి. యంత్రం నెలవారీ వాయిదాను ఆ సగటుతో భాగిస్తే ఒక్కో స్కాన్ మీద ఎంత భారం పడుతుందో తెలుస్తుంది. అది బయటి సెంటర్ తీసుకునే రుసుము కంటే ఎక్కువైతే యంత్రం కొనడాన్ని వాయిదా వేయండి. లేకపోతే వాయిదా కట్టడం కోసం, అవసరం లేనివారికీ స్కాన్ రాయాలన్న ఒత్తిడి మీ మీదే పడుతుంది.