జన్స్కార్ వెళ్లేముందు ఒకసారి ఉప్పల్ రా

అమ్మా శ్రావణీ,

జులైలో లద్దాఖ్‌లోని జన్స్కార్ లోయలో నడవబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింటి పిల్ల టోపోషీట్ (ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాప్) పట్టుకుని కొండలెక్కుతానంటే, జీవితమంతా సర్వేలో చేసిన నాకు గర్వంగా ఉండదా? అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్క మాట అడక్కుండా టికెట్లు తీసుకున్నందుకు నీకు తిట్లు బాకీ ఉన్నాను.

బూట్లు, టోపీ, మందులు నీకు తెలిసినవే. మన హైదరాబాద్ ఎత్తు ఐదొందల చిల్లర మీటర్లు, లేహ్ దాదాపు 3,500. అక్కడ విమానం దిగాక ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేలా రెండు రోజులు ఎక్కడికీ కదలకు.

ఇక మ్యాప్. పెళ్లికి ముందు లద్దాఖ్ వెళ్లినప్పుడు మీ నాన్న దగ్గరా 1:50,000 షీట్ ఉంది. గుడారం నుంచి ఊరికి స్కేలు పెట్టి కొలిచాడు. మూడు సెంటీమీటర్లు, అంటే కిలోమీటరున్నర. అరగంట నడకే కదా అని భోంచేసి తీరిగ్గా బయల్దేరాడు. ఆ మూడు సెంటీమీటర్లలో ఒకదాన్నొకటి రాసుకుంటున్న, ఎత్తు చూపే గోధుమరంగు గీతల్ని మాత్రం లెక్కపెట్టలేదు. ఆ షీట్‌లో గీతకీ గీతకీ ఎత్తులో 40 మీటర్ల తేడా. ప్రతి ఐదో గీతా లావుగా ఉంటుంది. అలాంటివి మూడంటే 600 మీటర్లు ఎక్కాలి, అదీ ఊపిరాడని ఎత్తులో! వాగు దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. పొద్దున గుర్రాలవాళ్లు మోకాలి లోతులో దాటిన నీళ్లు నడుము దాకా వచ్చాయి. వాన లేదు, మబ్బూ లేదు. అక్కడి వాగులు ఎండకు కరిగిన మంచునీళ్లమ్మా, మధ్యాహ్నం తిరిగాక పొంగుతాయి, తెల్లారేసరికి తగ్గుతాయి. షీట్‌లో మాత్రం ఏ వేళకైనా అదే సన్నటి నీలం గీత. వీడు దిగాడు. ఒక గుర్రాలాయన జబ్బ పట్టి లాగకపోతే, ఇవాళ నాకు ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

వాగులన్నీ ఉదయమే దాటు. ఆలస్యమైతే ఇవతలే ఎత్తైన చోటు చూసుకుని పడుకో, ఎవరు నవ్వినా సరే. షీట్ ఏ సంవత్సరంలో సర్వే చేసిందో చూడు. 2014 చివర్లో జన్స్కార్‌లోనే ఫుక్తల్ దగ్గర కొండచరియ పడి నది ఆగిపోయింది. 2015 మేలో ఆ అడ్డుకట్ట తెగి దిగువన వంతెనలు పోయాయి. పాత షీట్‌లో వంతెన గుర్తు కనిపించినా ఊళ్లో అడిగాకే అటు నడువు.

ఆదివారం షీట్ తీసుకుని రా, నీ దారిలో లావు గీతలన్నీ నా ముందే లెక్కపెట్టాలి. మీ నాన్ననీ వెంటబెట్టుకురా. ఆ వాగు మోకాలి లోతేనని ఇప్పటికీ వాదిస్తాడు, ఆ మాట నా ముందు అనమను.

మీ పెదనాన్న