కాయక్ కొనే ముందు అల్లుడికో ఉత్తరం

ఇచ్ఛాపురం

చిరంజీవి అల్లుడికి,

గేలం వెయ్యడానికి తెడ్డు పడవ కొంటానంటూ నువ్వు పంపిన రెండు కాయక్‌ల కొలతలు చూశాను. ఒకటి 14 అడుగుల పొడవు, 28 అంగుళాల వెడల్పు. ఇంకోటి 10 అడుగులు, 36 అంగుళాలు. మొదటిది పరుగు, రెండోది కుదురు అని కొట్టువాడు చెప్పింది అబద్ధం కాదు. అయినా నీకు రెండూ వద్దంటాను. బరంపురంలో ఉంటూ, ఆదివారాలు రంభ దగ్గర చిలికా సరస్సులో గేలం వేద్దామనుకునే నీకు 12 అడుగులు, 32 లేక 33 అంగుళాలది చాలు.

ముందు వేగం సంగతి. పడవ పొడవు పెరిగేకొద్దీ దాని వేగానికి పై హద్దు పెరుగుతుంది. నీటిని తాకే పొడవు ఎన్ని అడుగులో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో, అంటే గంటకు ఇన్ని సముద్రపు మైళ్ళని, వస్తుంది. కిలోమీటర్లలోకి మారిస్తే 10 అడుగులదానికి గంటకు సుమారు 7.8, పన్నెండుకి 8.6, పద్నాలుగుకి 9.3. అయితే గంటలకొద్దీ తెడ్డు వేసే మనిషి ఆ హద్దు దాకా పోడు. 4, 6 కిలోమీటర్ల మధ్యే నడుపుతాడు. ఆ నడకలో పడవను ఎక్కువగా పట్టి ఉంచేది అడుగుభాగానికి నీటి రాపిడి. వెడల్పు పెరిగితే తడిసే అడుగు పెరుగుతుంది, రాపిడీ పెరుగుతుంది. పొట్టి పడవకు హద్దు దగ్గరే కాబట్టి ముక్కు ముందు నీరు గుట్టపడటమూ త్వరగా మొదలవుతుంది. 5 కిలోమీటర్లకు పొడుగుదానిలో 50 నిమిషాలైతే, వెడల్పుదానిలో గంటా పావు. పాతిక నిమిషాలే కదా, చేపలు ఎక్కడికి పోతాయి అనుకోవచ్చు. వెళ్ళేటప్పుడు అనుకోవచ్చు, వచ్చేటప్పుడు కాదు.

రంభ ఊరు చిలికాకు నైరుతి కొసన ఉంది. ఎండాకాలంలో మధ్యాహ్నానికి గాలి దక్షిణం, నైరుతి నుంచే ఎక్కువ. పొద్దున్నే నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడు ఈశాన్యంగా లోపలికి పోతావు, ఎండెక్కాక గాలికి ఎదురుగా తిరిగి రావాలి. ఎత్తు అంచుల వెడల్పు పడవ ఆ గాలిలో తెరచాప లాంటిది. గంటకు 4 కిలోమీటర్లు నడిచేది రెండుకి పడిపోతే, ఆ 5 కిలోమీటర్లకు రెండున్నర గంటలు. అలిసిన చేతులతో, నడినెత్తిన ఎండతో. కాబట్టి వేగం అంటే తొందరగా చేరడం కోసం కాదురా, తిరిగొచ్చేటప్పుడు కొంత బలం మిగలడం కోసం. గాలి లేచే కాలంలో పది గంటలకల్లా పడవ ముక్కు రంభ వైపు తిప్పెయ్యి.

మరి 14 అడుగులది ఎందుకు వద్దంటావా? చిలికాలో పాతిన వెదుళ్ళ మధ్య, వలల మధ్య తిరగాలి. సన్నగా పొడుగ్గా ఉన్నది చప్పున తిరగదు. పైగా నిలబడి గేలం విసరాలని రాశావు, 28 అంగుళాల దానిలో కొత్తవాడు నిలబడలేడు. మీ సందులో దాన్ని మలుపు తిప్పడం మరో యాతన.

ఇక కుదురు. ఇందులో రెండు రకాలున్నాయి, కొట్టులో చూపించేది మొదటిదే. అడుగు బల్లపరుపుగా ఉన్నది ఎక్కగానే కదలకుండా ఉంటుంది, అది మొదటి కుదురు. కానీ ఒక హద్దు దాటి ఒరిగితే చెప్పకుండా బోల్తా కొడుతుంది. అడుగు కాస్త గుండ్రంగా గానీ, నడుమ గీతలా కోసుగా గానీ ఉన్నది మొదట ఊగుతుంది, భయపెడుతుంది. ఒరిగేకొద్దీ పక్క అంచు నీటిలో ఆని ఎదురు తోస్తుంది, అది చివరి కుదురు. అలలొచ్చినప్పుడు బల్లపరుపు అడుగు అల వాలుతో పాటు తానూ వాలుతుంది, గుండ్రటిది నిటారుగా ఉండేందుకు చూస్తుంది. అందుకే కొనే ముందు దాన్ని తిరగేసి అడుగు చూడు.

వెడల్పు కన్నా పెద్ద సంగతి బరువు ఎంత ఎత్తున ఉందన్నది. ఒడియావాళ్ళు నోలియాలనే మన గంగపుత్రుల తెప్ప చూడు. నాలుగు దుంగలు కట్టినదే, వెడల్పు ఎంతని? మనిషి నీటిని ఆనుకుని కూర్చుంటాడు, పైకొచ్చిన నీరు దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. కాయక్‌లో సీటు నాలుగంగుళాలు పైకి లేపితే చాలు, వెడల్పుతో తెచ్చుకున్న కుదురులో కొంత అక్కడే పోతుంది. సీటు ఎత్తు దించుకునే వీలున్నది చూడు. గాలి లేస్తే కిందికి దించు.

కాయక్ మీద రాసిన బరువు హద్దులో మూడింట రెండొంతులే వాడు. 150 కిలోలని ఉంటే నీతో, సామానుతో కలిపి 100. మంచు పెట్టె, నీళ్ళ సీసాలు అడుగున, మధ్యకు దగ్గరగా పెట్టు. అంతా వెనక్కి నెడితే ముక్కు లేచి గాలికి కొట్టుకుపోతుంది. కాయక్ మీది సామాను అరల మూతల రబ్బరు, అడుగున నీరు వదిలే బిరడా ప్రతిసారీ చూసుకో. లోపలికి పది లీటర్లు చేరితే అది పది కిలోల బరువే అనుకోకు. పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తే బరువు అది. కుదురైన పడవలు కారణం తెలియకుండా బోల్తా పడేది చాలాసార్లు దీనివల్లే.

లంగరు ఎప్పుడూ పక్కనుంచి వెయ్యకు. పారే నీటిలో తాడు బిగిసి అంచును కిందికి లాగేస్తుంది. ముక్కు నుంచి గానీ వెనక నుంచి గానీ వేసి, ఒక్క లాగుతో ఊడే ముడి వెయ్యి. రెండు మీటర్ల లోతుకు 10 నుంచి 14 మీటర్ల తాడు కావాలి. లోతు తక్కువ ఉన్నచోట బురదలో దిగేసిన వెదురు గెడ లంగరు కన్నా నయం. పండుగప్ప పడితే గేలం కర్ర కొస ముక్కు వైపు ఉంచు, పడవే తిరిగి దాని వెంట పోతుంది. చేపను ఎత్తేటప్పుడు నీ తల అంచు దాటకూడదు. చెయ్యి చాచు, తల చాచకు.

గోపాలపురం దగ్గర సముద్రపు కెరటాల జోలికి మొదటి ఏడాది పోకు. వెనక నుంచి అల తోస్తే పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగినదాన్ని ఏ వెడల్పూ కాపాడదు. రుషికుల్య నది మొగ దగ్గర సముద్రంలో తాబేళ్ళను కాపాడేందుకు నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేట నిషేధం కూడా ఉంది. చిలికాలో ఏ నీళ్ళు ఏ మత్స్యకార సంఘానివో రంభ రేవులో అడిగాకే గేలం వెయ్యి.

డబ్బు కట్టే ముందు ఛత్రపురం దగ్గర తంపరా సరస్సులో నడుము లోతు నీళ్ళలో పరీక్ష చెయ్యి. లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చుని, అంచు నీటికి తగిలేదాకా ఒరుగు. ఎదురు తోస్తోందా, జారిపోతోందా చూడు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడు, చూపు దూరాన ఉంచు. తర్వాత కావాలనే బోల్తా కొట్టు. దాన్ని మళ్ళీ నిటారుగా తిప్పి, కాళ్ళు నీటి పైకి తేలేలా తన్నుతూ, పొట్ట మీదుగా అడ్డంగా పాకి, వెల్లకిలా తిరిగి కూర్చో. వరసగా అయిదుసార్లు ఎక్కలేని పడవను కొనకు, ఎంత కుదురైనా సరే.

సీటు కాయక్ అడుగుకు ఎన్ని అంగుళాల ఎత్తుందో కొలిచి రాయి. 33 అంగుళాల వెడల్పుకు, ఎత్తు సీటుకు 250 సెంటీమీటర్ల తెడ్డు పడుతుంది, సీటు కిందికుంటే 240 చాలు. ఆ కొలత చెప్పేదాకా తెడ్డు కొనకు.

మీ మావ