ఏ నంబరు నుంచి అని అడిగావు కదా

నల్లగొండ

బిడ్డా శ్రావణీ,

స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్ మీద వచ్చిన నవలలు వందల్లో ఉన్నాయి, ఏ నంబరు నుంచి మొదలుపెట్టాలి మామా అని అడిగావు. నంబర్లు వదిలెయ్. ముందు ఆ కథల్లోని వేరే గ్రహాల జాతుల్లో ఒకదాన్ని పట్టుకో. సీరియల్లో ఎవరిని చూసినప్పుడు "వీళ్ళ ఇంట్లో ఏం వండుకుంటారో" అనిపించిందో, వాళ్ళ పుస్తకం తియ్యి.

నువ్వు చూడలేదు గానీ, నా చిన్నప్పుడు మన వాడకట్టుకు కూనపులి వాళ్ళు వచ్చేవాళ్ళు. కర్రలకు పటం వేలాడదీసి, బొమ్మ బొమ్మకూ పుల్ల చూపిస్తూ పద్మశాలీల కథ చెప్పేవాళ్ళు. మన మూలపురుషుడు భావనారుషి బొమ్మ వచ్చే వేళకు మా నాయన మగ్గం గుంతలోంచి లేచి, చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చి నిలబడేవాడు. రామాయణంలో నేతగాణ్ణి వెతుక్కోవాలి. ఆ పటంలో మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా మనమే.

ఈ నవలలూ అట్లాంటివే. పాత సీరియల్లో క్లింగాన్లు అనే యోధుల జాతి వాళ్ళు కెప్టెన్ కిర్క్ అంతరిక్ష ఓడకు అడ్డం వచ్చి, కొట్లాడి పోతారు. జాన్ ఎం. ఫోర్డ్ 1984లో రాసిన 'ది ఫైనల్ రిఫ్లెక్షన్'లో కథంతా ఒక క్లింగాన్ అనాథ పిల్లవాడిది. కిర్క్ మొదట్లో, చివర్లో ఆ పుస్తకం చదివేవాడిగా కనిపిస్తాడు, అంతే. మొదట్లోనే చదరంగం లాంటి ఆట ఒకటి వస్తుంది. పావులుగా నిలబడింది ప్రాణమున్న పిల్లలు, మనవాడూ అందులో ఒకడు. అక్కడ తొందరపడకు, రెండుసార్లు చదివినా సరే. పెరగని రాజ్యం చచ్చిపోతుందని వాళ్ళ నమ్మకం, రాజ్యం నడపడమూ వాళ్ళకు ఒక ఆటే. ఆట తెలిస్తే వాళ్ళ రాజకీయం దానంతట అదే తెలుస్తుంది.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్తాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ నవల, మార్క్ ఓక్రాండ్ క్లింగాన్ డిక్షనరీ ఒకేసారి దొరికాయి. నల్లగొండ బస్సులో డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని చౌటుప్పల్ దాకా వెతికాను. వెతికిన మాట ఒక్కటీ దొరకలేదు. డిక్షనరీలో పేజీలు పోయాయేమోనని అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను, పాపం. ఆ డిక్షనరీ 1985ది, సినిమా కోసం కట్టిన భాష. ఫోర్డ్ తన క్లింగాన్ల మాటలు తానే అల్లుకున్నాడు. రెండూ వేరే మగ్గాల బట్టలు, కలిపి కుట్టాలని చూడకు.

రోములన్లు అనే ఇంకో జాతి ఇష్టమైతే డయాన్ డ్యువేన్‌ను చదువు. ఆమె పుస్తకాల్లో వాళ్ళు తమను రిహాన్సు అనుకుంటారు. వాళ్ళకు నాలుగో పేరు ఒకటి ఉంటుంది, ప్రాణానికి ప్రాణమైన వాళ్ళకే చెప్తారు. పీటర్ మోర్‌వుడ్‌తో కలిసి 1987లో రాసిన 'ది రోములన్ వే'లో కథ, చరిత్ర ఒకటి విడిచి ఒకటి వస్తాయి. చరిత్ర దాటేసి కథలోకి దూకాలనిపిస్తుంది. దాటకు, రోములన్లు తమ పాత గ్రహం వల్కన్‌ను విడిచి ఎందుకు వెళ్ళారో అక్కడే ఉంది.

చదివేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకో. కథ రాసుకోకు. పెద్దవాళ్ళను ఏమని పిలుస్తారు, అతిథికి ఏం పెడతారు, కోపమొస్తే ఏమని తిడతారు, ఇవి రాసుకో. తిట్లయితే అసలు వదలకు.

నీ ఫ్రెండ్స్ ఎవరో "అవి లెక్కలోకి రావు" అంటారు. నిజమే, టీవీలో, సినిమాలో చూపిందే అసలు కథ కింద లెక్క. 1987లో మొదలైన కొత్త స్టార్ ట్రెక్ సీరియల్ క్లింగాన్లను ఫోర్డ్ దారి కాక వేరే దారి పట్టించింది. స్టార్ వార్స్ వాళ్ళయితే 2014లో పాత నవలలన్నిటికీ 'లెజెండ్స్' అని పేరు పెట్టి పక్కన పెట్టారు. దీనికి టెన్షన్ పడకు. కూనపులి వాళ్ళ కథ ఏ గ్రంథంలో ఉందని మా నాయన ఒక్కనాడూ అడగలేదు.

చివరికి 'ఎ స్టిచ్ ఇన్ టైమ్' చదువు. డీప్ స్పేస్ నైన్ అనే ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్లో గారక్ వేషం వేసిన ఆండ్రూ రాబిన్సన్ స్వయంగా రాసింది, 2000లో వచ్చింది. పాత్ర మీద పట్టు దొరకాలని గారక్ పేరు మీద డైరీ రాసుకునేవాడట, అదే నవలైంది. గారక్ పైకి దర్జీ, లోపల పాత గూఢచారి. యుద్ధంలో నేలమట్టమైన తన సొంత గ్రహం కార్డాసియా నుంచి తన డాక్టరు మిత్రుడికి ఉత్తరం రాస్తుంటాడు. సూది పట్టినవాడి కథ కాబట్టి నాకు పక్షపాతం ఉందనుకో, ఫర్వాలేదు.

మిగతావి బస్సులో పంపిస్తాను. ఇది మాత్రం ఇవ్వను. దసరాకు వచ్చినప్పుడు ఇక్కడే కూర్చుని చదువు.

మీ మామ